డాక్యుమెంటరీ శిక్షణకు దరఖాస్తు పెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన దరఖాస్తు నమూనా, ఐడియా అని రాసిన రెండు పేరాలు చదివాను. గడువుకు ఇంకా నెల ఉంది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. "సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల దుర్భర జీవితాలకు అద్దం పట్టే చిత్రం" అని రాశావు. అది ఆదివారం అనుబంధంలో వ్యాసానికి సరిపోతుంది, సినిమాకు సరిపోదు. ఎంపిక చేసేవాళ్ల ముందు చేనేత, రైతు, నీళ్లు, వలస అంటూ ఇలాంటివి కుప్పలుగా పడి ఉంటాయి. విషయం మంచిదే అయినా వాళ్లు ఎంచుకునేది విషయాన్ని కాదు. ఎవరి వెంట వెళ్తున్నావు, రాబోయే నెలల్లో కెమెరా ముందు ఏం జరగబోతోంది, అక్కడ నిలబడే చనువు నీకెలా వచ్చింది: ఈ మూడూ కనిపించకపోతే రెండో పేజీ తిప్పరు.

ముందు ఒక తేడా తెలుసుకో. పుణె ఎఫ్‌టీఐఐ (సినిమా, టీవీ శిక్షణ సంస్థ) టీవీ విభాగంలో ఏడాది కోర్సులాంటివాటికి రాతపరీక్ష ఉంటుంది. దాని చదువు వేరు, దాని తయారీ వేరు. నువ్వు పెడుతున్నది ఐడియా చూసి తీసుకునే శిక్షణ. ఇక్కడ మార్కులు లెక్కలోకి రావు, కాగితం మీద నీ సినిమా కనబడాలి. వయోపరిమితి ఏ తేదీకి లెక్కగడతారో, ఒకరే పెట్టాలో జంటగా పెట్టవచ్చో, ఇప్పటికే మొదలుపెట్టిన సినిమాను ఒప్పుకుంటారో లేదో ప్రకటనలో మళ్లీ చూడు. అన్నీ బాగుండి ఈ మూడింట్లో ఒకదాని దగ్గర పక్కన పడిపోయే దరఖాస్తులు ప్రతిసారీ ఉంటాయి.

సరే, సిరిసిల్ల సంగతి. అక్కడ నూలు, బీములు (పడుగు నూలు చుట్టిన రోళ్లు) ఇచ్చే యజమాని ఒకరు. నాలుగో ఎనిమిదో మగ్గాలు పెట్టుకుని గుడ్డ నేయించి ఇచ్చే ఆసామి ఇంకొకరు. మీటరు లెక్కన కూలి తీసుకునే కార్మికుడు మరొకరు. "నేతన్నలు" అంటూ ముగ్గురినీ ఒకే గంపలో వేస్తే ముగ్గురూ కనబడరు. ఒకరిని పట్టుకో. నా మాట అడిగితే ఆసామి. అతనికి పైనుంచి ఒత్తిడి, కిందనుంచి అడుగుడు. అటు యజమానీ కాడు, ఇటు కూలీ కాడు. ఇక కాలం. 2017లో సర్కారు పంచిన బతుకమ్మ చీరల పని వచ్చినప్పటి నుంచీ ఆ ఊరి మగ్గాల చప్పుడు సర్కారు ఆర్డరుతో పాటు పెరగడం, తగ్గడం అలవాటైంది. ఆర్డరుకు ఒక గడువు ఉంటుంది, అంటే నీ సినిమాకు మొదలూ చివరా దొరికినట్టే. అప్పుడు రెండు వాక్యాల్లో ఇలా రాయవచ్చు:

"ఎనిమిది మగ్గాలున్న ఒక ఆసామి చేతిలో చీరల ఆర్డరు ఉంది, నడిపే మనుషులు లేరు. గడువు దాటేలోగా మనుషుల్ని తెచ్చుకోవాలి, లేదంటే నాలుగు మగ్గాలు పాత ఇనుముకు అమ్మి మిగతా నాలుగుతో నెట్టుకురావాలి."

ఇది నేను అల్లిన ఉదాహరణ, ఇదే కాపీ కొట్టకు. నువ్వు వెళ్లి చూసిన మనిషికి నిజంగా ఉన్న చిక్కు ఏదో అదే రాయి. నీ రెండు వాక్యాల్లో "జీవితం", "పోరాటం", "ఆవేదన", "వెలుగులోకి" అన్న మాటలు ఉంటే కొట్టేసి మళ్లీ చదువు. వాక్యం నిలబడితే బాగున్నట్టు, కూలిపోతే కింద ఏమీ లేనట్టు.

అందుకే రాయడానికి కూర్చునే ముందు అక్కడికి వెళ్లాలి. మొదటి రెండు మూడు సార్లు కెమెరా బ్యాగు తీసుకెళ్లకు. పగటి షిఫ్టు ఒకటి, రాత్రి షిఫ్టు ఒకటి మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడు. ఎవరు ఎప్పుడొస్తారు, కరెంటు పోతే ఏం చేస్తారు, కూలి లెక్క ఎక్కడ రాస్తారు, ఇంట్లో ఆ లెక్క ఎవరు చూస్తారు, ఇవన్నీ నోటుబుక్కులో పడాలి. ఒక చిక్కు చాలామందికి తోచదు. ఆసామి "తీసుకోమ్మా, ఏం కాదు" అన్నంత మాత్రాన షెడ్డులో పనిచేసేవాళ్లంతా ఒప్పుకున్నట్టు కాదు. పని ఇచ్చేవాడి ముందు వద్దనడం వాళ్లకు కష్టం. వాళ్లను విడిగా, షెడ్డు బయట, టీ కొట్టు దగ్గరో ఇంటి దగ్గరో అడుగు. అంగీకార పత్రం తెలుగులో, ఒక పేజీ మించకుండా రాయి: ఏం తీస్తావు, ఎక్కడ చూపిస్తావు, మధ్యలో మానుకోవాలంటే ఎలా చెప్పాలి. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించి, సరేనన్న మాట కెమెరాలోనే రికార్డు చెయ్యి. పిల్లలుంటే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఇష్టమూ అడగాలి. కేసుల్లో ఉన్న పిల్లలూ, సంరక్షణలో ఉన్న పిల్లలూ ఎవరో తెలిసేలా చూపించడాన్ని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధించింది, ముఖం మసకబారిస్తే చాలనుకోకు, ఊరూ బడీ కూడా పట్టిస్తాయి. ఇదంతా చేశాక దరఖాస్తులో "ప్రవేశం" అన్న చోట నాలుగు వాక్యాలు చాలు. ఎన్నిసార్లు వెళ్లావు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు, ప్రధాన మనిషి తప్పుకుంటే ఇంకెవరు. ఒప్పుకోనివాళ్ల సంగతి దాచకు. అది రాసినవాళ్లనే నమ్ముతారు.

ట్రీట్‌మెంటు, అంటే సినిమా తెర మీద ఎలా సాగుతుందో చెప్పే రాత, ఒక పేజీ అడిగారు. చాలామంది ఇక్కడ వ్యాసం రాస్తారు: చరిత్ర, గణాంకాలు, "నిపుణుల అభిప్రాయాలు". నువ్వు చూసేదీ వినేదీ రాయి, వర్తమానంలో రాయి. "తెల్లవారుజామున షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. ఎనిమిది మగ్గాల్లో మూడే కదులుతాయి. ఆసామి ఫోను చెవి దగ్గర నుంచి దిగదు" అన్నట్టు. అరగంట టీవీ స్లాటుకు 26 నిమిషాల సినిమా చెయ్యడం వాడుక. అందులో ఏడెనిమిది సన్నివేశాల కన్నా పట్టవు. కాబట్టి పేజీలో ఇరవై సన్నివేశాలు రాస్తే నీకు నిడివి తెలియదని అర్థమవుతుంది. ముగింపు నీకు ముందే తెలిసినట్టు రాయకు. ఆర్డరు అందితే ఏం తీస్తావు, అందకపోతే ఏం తీస్తావు, రెండూ చెప్పు.

ఇంగ్లిష్ గురించి భయపడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ముందు తెలుగులోనే పూర్తిగా రాసుకో, తరువాత చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లోకి తెచ్చుకో. పెద్ద పదాలు అక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దగ్గర కెమెరా నేర్చుకున్న దళిత మహిళలకు చదువే పెద్దగా లేదు. అయినా వాళ్లు తీసిన సినిమాలు దేశాలు తిరిగాయి. పైనుంచి కిందికి చూపే కోణాన్ని వాళ్లు, ఊరి దొర చూపులా ఉంటుందని, "పటేల్ షాట్" అన్నారు, కంటికి కన్ను సమంగా ఉండేదాన్ని "సంఘం షాట్" అన్నారు. మగ్గం దగ్గర వంగిన మనిషిని నువ్వు నిలబడి తీస్తే అది పటేల్ షాటే. మోకాళ్ల మీద కూర్చో.

ఇక నమూనా క్లిప్. నిజంగా ఎంపిక అక్కడే జరుగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు అడిగారు, నువ్వు మూడున్నర దగ్గర ఆపు. ట్రైలరు చెయ్యకు. డ్రోను దృశ్యం, నెమ్మది కదలిక, వయొలిన్, నాలుగు ఏడుపు ముఖాలు కలిపితే నీకు ఎడిటింగ్ యాప్ వచ్చని తెలుస్తుంది, అంతే. ఒకే సన్నివేశం తియ్యి. ఇద్దరు మాట్లాడుకుంటుండాలి, మాట మొదలైన చోటుకూ ఆగిన చోటుకూ మధ్య ఏదో మారాలి. కూలి లెక్క చూసుకోవడం చాలు.

ఫోనుతో తీసినా ఫరవాలేదు, కానీ సెట్టింగు ముట్టుకోకుండా తియ్యకు. మన కరెంటు 50 హెర్ట్జ్, షెడ్డులో ట్యూబులైట్లు సెకనుకు వంద సార్లు వెలిగి తగ్గుతుంటాయి. ఫోను మామూలుగా 30 ఫ్రేముల్లో ఉంటుంది, అది తనంతట తాను ఎంచుకునే షట్టరు వేగంతో బొమ్మ మీద పట్టీలు పాకవచ్చు. 25 ఫ్రేములు, 1/50 షట్టరు పెట్టు. మన టీవీకి కావలసిందీ 25 ఫ్రేములే. ఎక్స్‌పోజరు, ఫోకసు, రంగు మూడూ లాక్ చెయ్యి. లేకపోతే మనిషి తల తిప్పినప్పుడల్లా వెలుతురు ఊగుతుంది. నూలు దుమ్ము లెన్సు మీద పొరలా పడుతుంది, మెత్తటి గుడ్డ జేబులో ఉంచుకుని ప్రతి షాటుకూ తుడువు.

శబ్దం అంతకన్నా ముఖ్యం. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే కట్టేస్తారు. మగ్గాలు నడుస్తుంటే ఫోను మైకుకు చప్పుడు తప్ప ఏమీ అందదు. కాలరు మైకు గడ్డానికి జానెడు దూరంలో, చొక్కా గుడ్డ రాసుకోకుండా పెట్టు, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని విను. ముఖ్యమైన మాటలు కరెంటు పోయినప్పుడో, షిఫ్టు మారేటప్పుడో తియ్యి. మగ్గాలు ఒక్కసారిగా ఆగే ఆ క్షణం కూడా నీకు పనికొస్తుంది. ప్రతి చోటా మాటల్లేని గది శబ్దం ఒక నిమిషం రికార్డు చెయ్యి, కోతల మధ్య అతుకు వెయ్యడానికి అదే దిక్కు. ఎక్కడో రేడియోలో సినిమా పాట మోగుతుంటే మర్యాదగా ఆపించు. ఆ పాట హక్కులు నీకెప్పటికీ రావు.

సబ్‌టైటిల్ తప్పనిసరి, చూసేవాళ్లకు తెలుగు వస్తుందనుకోకు. రెండు వరుసలు, వరుసకు నలభై అక్షరాల లోపు. మాటకు మాట దించకు, అర్థం తెచ్చి పెట్టు.

బడ్జెట్ దగ్గర తెలుగు పిల్లలు రెండు రకాలుగా పోతారు. ఒకరు కెమెరా అద్దె మీదే సగం రాస్తారు, ఇంకొకరు "స్నేహితులు ఉచితంగా చేస్తారు" అంటారు. రెండూ అనుమానానికి దారి. రోజుల్ని లెక్కపెట్టు, దాన్నిబట్టి డబ్బు వస్తుంది. 26 నిమిషాలకు ఇరవై గంటల ఫుటేజీ తీశావనుకో, దాన్ని చూసి రాసుకోవడానికే వారం పోతుంది. ఎడిటింగ్‌కు షూటింగ్ రోజుల కన్నా ఎక్కువ వెయ్యి, ఐదారు వారాలు పెద్ద లెక్కేమీ కాదు. నిల్వ సంగతి: 50 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే గంటకు 22.5 జీబీ. ఇరవై గంటలకు 450 జీబీ. రెండు కాపీలు రెండు వేరు చోట్ల ఉండాలి కాబట్టి 1 టీబీ డ్రైవులు రెండు రాయి. అనువాదం, సబ్‌టైటిల్, శబ్దం మిక్సింగ్, ప్రయాణం, భోజనాలు మరిచిపోకు. ఆఖరున పది శాతం అనుకోని ఖర్చుకు. సినిమాలో ఉండే మనిషికి మాట్లాడినందుకు డబ్బు అని రాయకు, మాటలకు ధర కట్టినట్టవుతుంది. కానీ నీవల్ల అతని షిఫ్టు పోతే ఆ కూలి ఇవ్వాలి, దాన్ని అదే పేరుతో రాయి. రైల్వే స్టేషన్లో తియ్యాలంటే రైల్వే అనుమతి ముందే తీసుకోవాలి. షెడ్యూలులో దానికి వారాలు వదులు.

"నేనెందుకు" అన్న పేజీలో చిన్నప్పటి నుంచి సినిమాలంటే ఇష్టమని రాయకు. మీ అమ్మమ్మగారి ఊరు అదే, అక్కడి మాట నీ నోట్లో ఉంది, బీము ఎక్కించడం చూస్తూ పెరిగావు. ఇది చాలు, రెండు వాక్యాల్లో రాయి. సిఫార్సు లేఖ కోసం పెద్ద పేరున్నవాళ్ల వెంట పడకు. నీ పని దగ్గరగా చూసిన లెక్చరరు, గడువుకు మాట నిలబెట్టుకున్నావని రాస్తే అది ఎక్కువ.

ఫారమ్ ఆఖరి రోజు పంపకు, మూడు రోజుల ముందే పంపు. పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలు డబ్బాలైపోకుండా ఇంకో ఫోనులో తెరిచి చూడు. క్లిప్ లింకు నీ అకౌంటు నుంచి బయటికొచ్చి నొక్కు. "అనుమతి అడగండి" అని వస్తే వాళ్లెవరూ అడగరు, తరువాతి దరఖాస్తుకు వెళ్లిపోతారు. పాస్‌వర్డు పెడితే లింకు పక్కనే రాయి, ఫలితాలు వచ్చేదాకా మార్చకు, ఫైలు మార్చి పెట్టకు.

ఇంటర్వ్యూకు పిలిస్తే పదిహేను నిమిషాలకు మించి ఉండకపోవచ్చు. ఆసామి రేపు వద్దంటే? అసలేమీ జరగకపోతే? షెడ్డులో పిల్లలు పనిచేస్తూ కనబడితే కెమెరా ఆపుతావా? మూడోదానికి బట్టీ పట్టిన జవాబు చెప్పకు, ఇప్పుడే కూర్చుని నిజంగా ఆలోచించు. ఎవరైనా నీ ఐడియాను తప్పుపడితే వెంటనే అడ్డం పడకు, రాసుకో. శిక్షణ ఇచ్చేవాళ్లు చూసేది నేర్చుకోగలవా లేదా అన్నదే.

వచ్చే ఆదివారం లోపు కొత్త రెండు వాక్యాలూ, అక్కడ కూర్చుని రాసిన నోటుబుక్కు పేజీల ఫొటోలూ పంపు. ట్రీట్‌మెంటు అప్పుడే వద్దు, నోట్సు చూశాక మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న