రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యకు

రామమూర్తి నగర్, బెంగళూరు

అమ్మలూ,

సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో నీ కారు బానెట్‌లోంచి ఆవిరి లేచిందని, అయినా మెల్లగా నడుపుకుంటూ ఇంటిదాకా తెచ్చేశావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. బండి ఇల్లు చేరింది కదా అని తను ఊపిరి పీల్చుకుంది కానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీటింగ్ అంటావు. అందుకే రాస్తున్నాను.

ఇంజిన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వెలిగాక, వేడి చూపే ముల్లున్న బండైతే ఆ ముల్లు పైకి ఎక్కేశాక, ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకు. ఇల్లు దగ్గరే కదా అనుకుంటాం. ఆ దగ్గర దూరంలోనే ఇంజిన్ పోతుంది. ఇప్పటి బండ్లలో ఇంజిన్ పైభాగం, అదే హెడ్, అల్యూమినియంది. మితిమీరి వేడెక్కితే అది వంగుతుంది, దాని కింద సీలులా ఉండే పొర, గ్యాస్కెట్, దెబ్బ తింటుంది. ఒక హోస్ పైపు మారిస్తే తీరిపోయే పని కాస్తా హెడ్ దించి, లేత్ షాపుకు పంపి ఫేసింగ్ కొట్టించి చదును చేయించేదాకా వస్తుంది. నా షెడ్డుకు అలా వచ్చిన బండ్లలో చాలావాటి యజమానులు చెప్పిన మాట ఒక్కటే, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకున్నాను" అని. ఇంకో సంగతి. ఎక్కువ చూపిస్తున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంబరపడకు. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, మొత్తం కారిపోయి, సెన్సార్ దగ్గర నీళ్లే లేకపోయినా అలాగే పడుతుంది.

కాబట్టి నువ్వు ఇప్పుడు బండి తియ్యకముందు ఆ గ్యాస్కెట్ దెబ్బ తిన్నదేమో తెలియడానికి ఆయిల్ కర్ర లాగి చూడు. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే స్టార్ట్ చెయ్యొద్దు, నాకు ఫోన్ చెయ్యి. బాగానే ఉంటే స్టార్ట్ చేసి కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా, సైలెన్సర్ నుంచి తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తూనే ఉందా చూడు. చల్లని ఉదయం మొదట కాస్త తెల్ల ఆవిరి రావడం మామూలే, దానికి టెన్షన్ పడకు.

మళ్లీ ఎప్పుడైనా దారిలో వేడెక్కితే ఏం చెయ్యాలో చెబుతాను. ముల్లు మామూలు కంటే కొంచెం పైకి పోతోంది, ఎర్ర లైటు ఇంకా వెలగలేదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయావు అనుకో. ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటర్ ఫుల్‌గా వేడి వైపు తిప్పి బ్లోవర్ పెంచు. చెమటలు పడతాయి, కానీ ఇంజిన్ వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. అయినా దిగలేదంటే, ఎర్ర లైటు వెలిగినా, ఆవిరి కనిపించినా, పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యి. వెనక ఎన్ని హారన్లు మోగినా పట్టించుకోకు. ఆవిరి తగ్గేదాకా బానెట్ ఎత్తకు. ఎత్తాక చున్నీ, జడ ఫ్యాన్‌కు దూరంగా ఉంచుకో. తాళం తీసేశాక కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది.

ఇక ఆ రేడియేటర్ మూత. చిన్నప్పుడు నా ఎడమ చేతి మీద మచ్చ చూసి ఏంటి మామయ్యా అని అడిగేదానివి, దోసె పెనం తగిలిందని చెప్పేవాణ్ని. అది పెనం కాదమ్మా. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే టాక్సీ మరిగింది. లోపల పెళ్లివాళ్లు, ముహూర్తానికి ఆలస్యమవుతోందని ఒకటే తొందర. పది నిమిషాలు కూడా ఆగకుండా గుడ్డ వేసి మూత తిప్పాను. గుడ్డ ఎటు పోయిందో తెలియదు, మోచేతి దాకా చర్మం ఊడింది. అప్పుడు ముఖం వంచి చూస్తూ ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

అలా ఎందుకు ఎగజిమ్ముతుందో తెలిస్తే నువ్వు ఎప్పటికీ ఆ పని చెయ్యవు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజిన్ మామూలుగా తిరిగేదే 90 డిగ్రీల చుట్టుపక్కల. ఆ కాస్త తేడాతో బండి నడవదు కదా, అందుకే రేడియేటర్ మూతకు స్ప్రింగు పెట్టి, కుక్కర్‌లో లాగా లోపల ఒత్తిడి నిలిచేటట్టు చేస్తారు. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 120 దగ్గరికి వస్తే తప్ప మరగవు, కూలెంట్ కలిస్తే ఇంకా పైకి. మూత తిప్పావంటే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, అంతసేపూ నీళ్లుగా ఉన్నది క్షణంలో ఆవిరై మీదికి వస్తుంది. ఆవిరి పోకుండా కుక్కర్ మూత తియ్యవు కదా. కనీసం ముప్పావు గంట ఆగు. పై హోస్ పైపును చేత్తో నొక్కి పట్టుకోగలిగినప్పుడే మూత ముట్టుకో. కూలెంట్ లేకపోతే దారి ఖర్చుకు తాగే నీళ్ల బాటిల్ పోసినా ఫర్వాలేదు. కానీ కాలిపోతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించకు, లోపల పగులు ఇస్తుంది.

వర్క్‌షాప్ వాళ్లు రేడియేటర్ మొత్తం మార్చాలన్నారట. ఆగు. ఏ భాగం విప్పకముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బండి ఎక్కడ వేడెక్కుతోంది? నువ్వు ఎయిర్‌పోర్టు రోడ్డులో 80 మీద పోయినప్పుడు ముల్లు కదల్లేదన్నావు, సిల్క్ బోర్డ్‌లో నిలబడ్డప్పుడే ఎక్కిందన్నావు. వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. కాబట్టి నా అనుమానం ముందు ఫ్యాన్ మీద. ఇంటి ముందే పరీక్ష చెయ్యొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి కాసేపు ఆగు, ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్), మోటారు వరసగా చూడాలి. ఫ్యూజుల పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే, ఇంజిన్ ఆపి ఆ రెండూ అటూ ఇటూ మార్చి చూస్తే చాలు, దోషం రిలేదా కాదా తెలిసిపోతుంది.

అదే ట్రాఫిక్‌లో బాగుండి, హైవేలోనో ఎత్తులోనో వేడెక్కితే కథ వేరు. అప్పుడు నీళ్లు సరిగ్గా తిరగడం లేదన్నమాట. ఇంజిన్ వేడెక్కాక కూడా పై పైపు కాలిపోతూ కింది పైపు చల్లగా ఉంటే ఇంజిన్ వేడెక్కాక నీళ్లకు దారి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకోలేదనో, రేడియేటర్ పూడుకుపోయిందనో అర్థం. కొందరు మెకానిక్‌లు "థర్మోస్టాట్ తీసేద్దాం మేడమ్, మన ఎండలకు అక్కర్లేదు" అంటారు. ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, మైలేజీ పడిపోతుంది, లోపలి భాగాలు అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలోనైతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించు.

పోయినసారి సర్వీసులో కుళాయి నీళ్లు పోశారని చెప్పావు. మన వైట్‌ఫీల్డ్ బోరు నీళ్లు బకెట్‌కు తెల్లగా ఎలా పేరుకుంటాయో చూశావుగా, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అంతే. ఇక్కడ మంచు పడదు, కూలెంట్ ఎందుకు అనేవాళ్లున్నారు. తుప్పు పట్టకుండా, త్వరగా మరగకుండా కాపాడేది అదేనమ్మా. కొన్న కూలెంట్ డబ్బా మీద చదువు. నేరుగా పోసే రకమైతే నీళ్లు కలపకు. చిక్కటి రకమైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ఏ రకం, ఎన్నాళ్లకు మార్చాలి అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. మిగిలింది పిల్లలకు, వీధి కుక్కలకు అందకుండా దాచు. తియ్యగా ఉంటుంది, కానీ విషం.

కారుతోందేమో అని అనుమానముంటే రాత్రి బండి కింద అట్టముక్క పరుచు. రంగు లేని నీళ్లు ఏసీవి. రంగుగా, జిడ్డుగా ఉంటే కూలెంట్. పాత లారీ డ్రైవర్లు చిల్లు పూడడానికి పసుపు పోసేవాళ్లు, నేనూ పోశాను. నీ బండిలో మాత్రం వద్దు, చిల్లుతో పాటు గొట్టాలూ పూడుకుంటాయి.

వచ్చే నెల అమ్మానాన్నలను తిరుమల తీసుకెళ్తానన్నావు కదా. అలిపిరి దాటాక నిండు బరువు, ఎత్తు, తక్కువ వేగం, గాలి లేదు. ఇంజిన్‌కు ఇంతకంటే కష్టం ఉండదు. ఏసీ ఆపి, కింది గేరులో, తెల్లవారుజామున ఎక్కు. హాఫ్ క్లచ్ మీద నిలబడకు, ముందు బండికి దూరం ఉంచు. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాట్ ఎక్కాలి, అక్కడా అంతే.

ఫ్యాన్ సంగతి తేలేదాకా రద్దీలోకి బండి తియ్యకు. శనివారం రాత్రి మెట్రోలో వచ్చెయ్, ఆదివారం పొద్దున్నే ఇద్దరం కలిసి మీ ఇంటికి వెళ్దాం. ఇంజిన్ చల్లగా ఉండగానే మూత తీసి చూడాలి. అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి పెట్టి ఉంచింది. సర్వీసు బిల్లులన్నీ తీసి పెట్టు.

దీవెనలతో,
మామయ్య