ఎఫ్‌డీ తీసే ముందు కార్డు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది ఆదోని. టైలరింగ్ షాపు నడుపుతున్నా. నాన్నకు 66 ఏళ్లు. కామెర్లు వచ్చి స్కానింగ్ తీయిస్తే పిత్తనాళంలో రాయి అడ్డుపడిందన్నారు. ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం పంపి రాయి తీసే పద్ధతి) చేయించాలట. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే అడ్వాన్సు కట్టమన్నారు. నాన్న పేరు అన్నయ్య తెల్ల రేషన్ కార్డులో ఉంది. పాప చదువుకని దాచిన 2 లక్షల ఎఫ్‌డీ తీసేయాలా? ఇప్పుడు హెల్త్ పాలసీ తీసుకుంటే పనికొస్తుందా?

జవాబు: ముందు ఒక మాట. నాన్నగారికి చలిజ్వరం గానీ, మగత గానీ ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అత్యవసరమైతే ఎన్టీఆర్ వైద్యసేవలో (రేషన్ కార్డు మీద ఉచితంగా వైద్యం చేయించే రాష్ట్ర ప్రభుత్వ పథకం, పాత ఆరోగ్యశ్రీ) ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది.

అంత తొందర లేకపోతే ఎఫ్‌డీని కదిలించకండి, అడ్వాన్సు కూడా కట్టకండి. ఈ పథకం నగదు రహితం. మీరు కట్టేసి, తర్వాత బిల్లులు పెట్టి వెనక్కి తెచ్చుకునే పద్ధతి కాదు. అందుకే డబ్బు కట్టకముందే అడగాలి. పేరు అన్నయ్య కార్డులో ఉన్నా ఇబ్బంది లేదు. ఆ కార్డు, నాన్నగారి ఆధార్, స్కానింగ్ రిపోర్టు పట్టుకెళ్లండి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలున్న పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: బయట వైద్యసేవ బోర్డు కనబడగానే అన్నీ ఉచితమనుకుంటారు. ఆసుపత్రికి అనుమతి విభాగాల వారీగా ఉంటుంది. గుండెకు ఉన్నచోట గ్యాస్ట్రోకు (జీర్ణకోశ జబ్బులకు) లేకపోవచ్చు. లోపల వైద్యమిత్ర (ఈ పథకం రోగులకు సాయం చేసే ఉద్యోగి) కౌంటర్లో సూటిగా అడగండి: "మీకు గ్యాస్ట్రో ఉందా? ఈఆర్‌సీపీ కార్డు మీద చేస్తారా? ఇప్పుడు కేసులు తీసుకుంటున్నారా?" మూడో ప్రశ్న మరిచిపోవద్దు. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరినవి) సేవలు ఆపేసిన సందర్భాలున్నాయి. బయల్దేరే ముందు 104కు ఫోన్ చేస్తే మీ దగ్గర్లో ఏవేవి ఉన్నాయో చెబుతారు.

నన్నడిగితే, మొదట కర్నూలు పెద్దాసుపత్రికే వెళ్లండి. అక్కడ గ్యాస్ట్రో విభాగం ఉంది. రద్దీ ఎక్కువే, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోవాలి. కానీ డాక్టరు ఫీజంటూ ఉండదు. ప్రైవేటులో అయితే కార్డులోకి రాని చిల్లర ఖర్చులు ఉండొచ్చు. వాటికీ, ప్రయాణానికీ, తోడుండే మనిషి తిండికీ చేతిలో పది, పదిహేను వేలు పెట్టుకోండి.

కొత్త పాలసీ నాన్నగారి ఈ జబ్బుకు పనికిరాదు. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టొచ్చు. దాచి తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరిస్తారు, ప్రీమియం దండగ. మీకు, మీ ఆవిడకు, పాపకు మాత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకటి తీసుకోండి.

అన్నీ చూశాక కూడా డబ్బు తక్కువైతే, ఎఫ్‌డీ రద్దు చేయకుండా దాని మీద లోన్ అడగండి. బ్యాంకులు సాధారణంగా 90 శాతం దాకా ఇస్తాయి, వడ్డీ మీ ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి, రెండు శాతమే ఎక్కువ. అన్నయ్యతో కూడా ఇప్పుడే కూర్చుని ఎవరెంత పెట్టుకోవాలో మాట్లాడుకోండి.