3 వారాలు స్టేజింగ్‌లో టెస్ట్ చేసినా ప్రొడక్షన్‌లో బగ్స్ ఎందుకు వస్తున్నాయి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ప్రతి రిలీజ్‌కీ ముందు 3 వారాలు స్టేజింగ్‌లో, అంటే లైవ్‌కి నకలుగా పెట్టుకున్న సిస్టమ్‌లో టెస్ట్ చేస్తున్నారు, టెస్ట్ కేసులన్నీ పాస్ అవుతున్నాయి, అయినా లైవ్‌కి వెళ్లిన రెండో రోజే కస్టమర్ల నుంచి ఫోన్లు మొదలవుతున్నాయి. ఇప్పుడు మీ లీడ్ ఆ 3 వారాలను 1 వారానికి తగ్గించి మిగతాది ప్రొడక్షన్‌లోనే, అంటే కస్టమర్లు నిజంగా వాడే లైవ్ సిస్టమ్‌లోనే టెస్ట్ చేద్దాం అంటున్నారు. ఇది బాధ్యత లేని మాట కాదా, అలా అయితే ఇక టెస్టర్లు ఎందుకు అన్నది మీ టెన్షన్.

నేను హైదరాబాద్‌లో 11 ఏళ్లుగా టెస్టింగ్‌లోనే ఉన్నాను. ఐదారేళ్ల క్రితం ఈ ప్రశ్న చూసి ఉంటే మీ లీడ్‌ని నేనూ తిట్టేదాన్ని. ఇప్పుడు ఆయన మాటలో సగం కరెక్టే అంటాను, ప్రమాదం అంతా ఆ మిగతా సగంలో ఉంది.

అసలు మీరు ప్రొడక్షన్‌లో ఇప్పటికే టెస్ట్ చేస్తున్నారు. రెండో రోజు కస్టమర్ ఫోన్ చేశాడంటే ఆ టెస్ట్ ఆయన చేసిపెట్టాడన్నమాట, జీతం లేకుండా, మీకు చెప్పకుండా. తెలియకుండా జరుగుతున్న ఆ పనిని తెలిసి, జాగ్రత్తగా, కొద్దిమంది మీదే జరిగేలా చేయడం గురించే మాట్లాడుకోవాలి.

నా సంగతి చెప్తాను. అప్పట్లో నేను పనిచేసిన చోట ఒక చిట్ ఫండ్ వాళ్ల కోసం కలెక్షన్ యాప్ చేశాం. ఏజెంట్ షాపు షాపుకీ తిరిగి వాయిదా డబ్బు తీసుకుంటాడు, ఫోన్‌లో ఎంట్రీ వేస్తాడు, నడుముకి తగిలించుకున్న చిన్న బ్లూటూత్ ప్రింటర్ నుంచి రసీదు చింపి ఇస్తాడు. సిగ్నల్ లేని ఊళ్లలో కూడా పనిచేయాలి కాబట్టి ఎంట్రీలు ముందు ఫోన్‌లోనే ఉండి, నెట్ దొరికాక సర్వర్‌కి వెళ్తాయి. దీనికి మేం రాసిన టెస్ట్ కేసులు 640. ఎయిర్‌ప్లేన్ మోడ్, బ్యాటరీ అయిపోవడం, ప్రింటర్‌లో పేపర్ అయిపోవడం, ఎంట్రీ మధ్యలో కాల్ రావడం, ఒకటని కాదు. అంతా సరే, రిలీజ్ చేయొచ్చు అనే సైన్‌ఆఫ్ మెయిల్ నేనే పంపాను, కొంచెం గర్వంగానే.

మొదటి నెలాఖరులో వరంగల్ వైపు ఒక బ్రాంచిలో ఒకే నంబరుతో రెండు రసీదులు వచ్చాయి. డెవలపర్ చూసి అలా జరిగే చాన్సే లేదన్నాడు. నేను స్టేజింగ్‌లో రెండు రోజులు కూర్చున్నాను, రాలేదు. చివరికి ఆ ఏజెంట్‌కే ఫోన్ చేస్తే ఆయన చాలా మామూలుగా చెప్పాడు: "పాట తారీఖు దాటితే ఆ షాపామెకు డివిడెండ్ పోతది మేడం. నిన్న పొద్దుపోయినంక నేను పోలేకపోయిన, తప్పు నాదే గదా. అందుకే ఫోన్‌ల తారీఖు ఒక్క రోజు ఎనకకు పెట్టి రసీదు కొట్టిన. మల్ల సరిజేసిన."

రసీదు నంబర్‌ని మేం ఫోన్‌లో ఉన్న తేదీకి ఆ రోజు ఎన్నో రసీదో చేర్చి తయారుచేస్తున్నాం. తేదీ మారితే లెక్క మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. ఆయన తేదీ వెనక్కి జరిపేసరికి నిన్నటి 1వ రసీదు నంబరే మళ్లీ వచ్చింది. మా 640 కేసుల్లో "ఏజెంట్ మొహమాటపడి తేదీ మారుస్తాడు" అన్నది లేదు. 6,400 రాసినా ఉండేది కాదు, ఎందుకంటే మాకు పాట తేదీ అంటే డేటాబేస్‌లో ఒక కాలమ్, ఆ ఏజెంట్ మాత్రం రేపు మళ్లీ అదే షాపు ముందుకు వెళ్లి నిలబడాలి.

ఎక్కువమంది వాడితే సర్వర్ తట్టుకుంటుందా అని చూసే లోడ్ టెస్ట్‌దీ అదే కథ. 300 మంది రోజంతా సమానంగా వాడతారనుకుని చేశాం. నిజంగా అయితే అందరూ రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య బ్రాంచికి వచ్చి వైఫై కలుపుతారు, రోజంతటి ఎంట్రీలు ఒకేసారి సర్వర్ మీద పడతాయి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, సర్వర్ పడిపోయింది.

ఇది చిన్న కంపెనీల చేతకానితనం అనుకుంటారేమో, మన భాషకి సంబంధించిన ఒక ఉదాహరణే చూడండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లు ఒక తెలుగు అక్షరం చూసి క్రాష్ అయ్యాయి, గుర్తుందా? అప్పుడు నడుస్తున్నది ఐఓఎస్ 11.2.5. చాలామంది "జ్ఞా అని రాస్తే ఫోన్ పోతుంది" అని ప్రచారం చేశారు కానీ విజ్ఞానం, జ్ఞాపకం అని మామూలుగా టైప్ చేస్తే ఏమీ కాదు. జ, దాని కింద ఞ వత్తు, ఆ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం, సరిగ్గా ఈ వరసలో వస్తేనే క్రాష్. ఆ కనబడని అక్షరం మనకి కొత్తదేం కాదు, "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. కాకపోతే అది ఉండకూడని చోట ఉంది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్ కూడా పడిపోయేది. ఫిబ్రవరి 19న 11.2.6 వదిలి సరిచేశారు.

ఆపిల్ దగ్గర టెస్టర్లు లేకనా ఇది? అప్పటి యూనికోడ్ 10లో 1,36,690 అక్షరాలున్నాయి. ఐదేసి అక్షరాల వరసలన్నీ టెస్ట్ చేద్దామంటే 1 పక్కన 25 సున్నాలు పెట్టినా చాలదు. కాబట్టి ఎవరైనా కొన్నే ఎంచుకుంటారు, ఎంచుకునేటప్పుడు తమకు తోచినవే ఎంచుకుంటారు. రిలీజ్‌కి ముందు చేసే టెస్టింగ్ హద్దు అక్కడే ఉంది. మీకు 3 వారాలిచ్చినా 3 నెలలిచ్చినా మీకు తోచినదాన్నే ఇంకా లోతుగా టెస్ట్ చేస్తారు, తోచనిది తోచకుండానే ఉండిపోతుంది.

అలాగని టెస్ట్ చేయకుండా జనం మీదకి వదిలేయమని కాదు. ప్రొడక్షన్‌లో టెస్టింగ్ అన్న మాటని "టెస్టింగ్ మానేయడం" అని అర్థం చేసుకున్న మేనేజర్లను నేను ముగ్గురిని చూశాను, ముగ్గురూ ఆ మాట బడ్జెట్ మీటింగ్‌లోనే వాడారు. మీ లీడ్ ఆ బాపతా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి.

2024 జూలై 19 తీసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క ఫైల్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు, ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. ఆ కంపెనీ తర్వాత పెట్టిన రిపోర్ట్ ప్రతి టెస్టరూ చదవాల్సిందే. కొత్త ఫైల్ రకం 21 ఇన్‌పుట్లు ఉంటాయని అనుకుంటోంది, కంప్యూటర్‌లో నడిచే వాళ్ల సెన్సర్ ప్రోగ్రామ్ 20 మాత్రమే ఇస్తోంది. మరి టెస్టుల్లో ఎందుకు దొరకలేదంటే, టెస్టుల్లో ఆ 21వ దాని దగ్గర "ఏదైనా సరే" అనే గుర్తు పెట్టారు, అందుకని ప్రోగ్రామ్ అక్కడికి వెళ్లి చూడాల్సిన అవసరమే రాలేదు. టెస్టులు పాస్. అంతవరకు అది ఎవరికైనా జరిగేదే, నేనైనా అలాగే రాసేదాన్ని. కానీ ఆ ఫైల్ కొంతమందికి ముందు, కొంతమందికి తర్వాత అని విడతలుగా వెళ్లలేదు, అందరికీ ఒకేసారి వెళ్లింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, కానీ పడిపోయిన కంప్యూటర్‌కి వెనక్కి తీసుకున్న సంగతి చెప్పేదెలా? చాలాచోట్ల మనిషి వెళ్లి ఒక్కో మెషీన్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

మేం ఆ రసీదుల గొడవ తర్వాత మార్చుకున్నది ముఖ్యంగా రెండు.

ఒకటి, ఏ మార్పైనా ముందు ఒక్క బ్రాంచికే వెళ్తుంది. ఫీచర్ ఫ్లాగ్ అనే ఆన్, ఆఫ్ స్విచ్‌తో ఆ బ్రాంచి కోడ్‌కి మాత్రమే ఆన్ చేస్తాం, మూడు రోజులు చూసి మరో ఐదు బ్రాంచిలు, ఆ తర్వాతే అందరికీ. ఏ బ్రాంచిని ఎంచుకోవాలన్న దగ్గర మొదట తప్పు చేశాం. చిన్నది కదా, నష్టం తక్కువ అని ఏజెంట్లు ముగ్గురే ఉన్న బ్రాంచిని పెట్టుకున్నాం. అక్కడ యాప్ సరిగ్గా పనిచేయకపోతే వాళ్లు గుట్టుగా పాత రసీదు పుస్తకం తీసి రాసుకున్నారు, మాకు వారం దాకా తెలియలేదు. తర్వాత గుంటూరు వైపు ఒక బ్రాంచికి మార్చాం, అక్కడి మేనేజర్ గారికి ఓపిక తక్కువ. ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో "ఏమ్మా, ఏం చేశారు మళ్లీ?" అని ఫోన్. మా డాష్‌బోర్డ్ అలర్ట్ కంటే ఆయన ఫోనే ముందు వచ్చేది, నిజం చెప్తున్నాను.

రెండోది, డబ్బు లెక్క మారేచోట కొత్త కోడ్‌ని నీడలా నడపడం. పాత లెక్కే కస్టమర్‌కి వెళ్తుంది, కొత్తది పక్కన అవే నిజమైన పాటల మీద నడుస్తుంది, రోజూ పొద్దున రెండిటి తేడా చూస్తాం. దీని విలువ మొదటి వారంలోనే తెలిసింది. 3 లక్షల చిట్టీ, 30 మంది సభ్యులు, పాటలో తగ్గించుకున్నది 50,000, కంపెనీ కమిషన్ 5 శాతం చొప్పున 15,000 పోతే పంచాల్సింది 35,000. 30తో భాగిస్తే 1,166 రూపాయల 67 పైసలు. కొత్త కోడ్ దాన్ని 1,167 చేసింది, అంటే 30 మందికి కలిపి 35,010, పది రూపాయలు ఎక్కువ పంచుతున్నాం. పాత కోడ్ 1,166 చొప్పున పంచి మిగిలిన 20 రూపాయలను వచ్చే నెల పాటలో కలుపుతోంది. ఈ నియమం ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు, ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన ఒకాయన కోడ్‌లో మాత్రమే ఉంది. డాక్యుమెంట్‌లో "సమానంగా పంచాలి" అని ఉంది, డెవలపర్ అది చదివే రాశాడు, నేను అదే చదివి టెస్ట్ కేసు రాశాను, ఇద్దరం కలిసి పాస్ చేసుకున్నాం. ఇద్దరూ ఒకే కాగితం చూసి రాసినప్పుడు టెస్ట్ పాస్ అవ్వక ఏమవుతుంది!

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ప్రొడక్షన్‌లో టెస్టింగ్ అంటే ఏదో బంగారం అనుకుంటారు. వాయిదా గుర్తుచేసే ఎస్ఎంఎస్‌ని లైవ్‌లో ఒకసారి చూద్దామని ఆదివారం రాత్రి 10:40కి స్క్రిప్ట్ నడిపాను. మా టెస్ట్ బ్రాంచి కోడ్ ఇవ్వాల్సిన చోట ఖాళీగా వదిలేశాను. ఖాళీ అంటే ఎవరికీ వెళ్లదనుకున్నాను, కోడ్‌లో ఖాళీ అంటే అన్ని బ్రాంచిలూ అట. 4,200 మందికి "మీ చిట్టీ వాయిదా రూ.1 బాకీ ఉంది, వెంటనే చెల్లించగలరు" అని వెళ్లింది. నిద్రపోయేవాళ్లని లేపి రూపాయి అడిగామన్నమాట. 37 మంది యూపీఐలో ఆ రూపాయి కట్టేశారు కూడా! ఆ 37 రూపాయలు వెనక్కి పంపడానికి అకౌంట్స్ వాళ్లకి వారం పట్టింది, ఆ వారమంతా క్యాంటీన్‌లో వాళ్లకి ఎదురుపడకుండా తిరిగాను.

అప్పటినుంచి నా లెక్క ఒకటే. వెనక్కి తీసుకోగలిగింది ప్రొడక్షన్‌లో చూడొచ్చు, తీసుకోలేనిది ముందే ఎంత తలకొట్టుకుని అయినా చూడాలి. స్క్రీన్ మార్పు, రిపోర్ట్, కొత్త సెర్చ్ ఇవన్నీ వెనక్కి తీసుకోవచ్చు. ఎస్ఎంఎస్, బ్యాంకుకి వెళ్లే డబ్బు, డేటాబేస్‌లో కాలమ్ తీసేయడం వెనక్కి రావు. ఇక మనిషి ప్రాణంతో పనున్న సాఫ్ట్‌వేర్ అయితే ఈ మాటలన్నీ పక్కనపెట్టండి. 1985, 87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ మెషీన్ కనీసం ఆరుగురికి ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు డోసు ఇచ్చింది. అందులో ఒక బగ్ ఎలాంటిదంటే, ఆపరేటర్ స్క్రీన్ మీద వేసిన ఎంట్రీని 8 సెకన్లలోపు దిద్దితేనే వచ్చేది. టెస్ట్ చేసేటప్పుడు అంత స్పీడ్‌గా ఎవరూ కొట్టరు, ఆసుపత్రిలో రోజూ అదే పని చేసి చెయ్యి తిరిగినవాళ్లే కొడతారు. అక్కడ కూడా బగ్ దొరికింది ప్రొడక్షన్‌లోనే, కానీ ఆ ఖరీదుకి దొరకడం ఎవరికీ వద్దు. అలాంటి చోట మెషీన్‌లోనే, సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా ఆపే ఏర్పాటు ఉండాలి. దీని ముందటి మోడళ్లలో అది ఉండేది, ఇందులో తీసేశారు.

మీ ఉద్యోగం సంగతికొస్తే, నాకు పని తగ్గలేదు, మారింది. పొద్దున మొదటి గంట లాగ్స్ చూస్తాను, నెలకి ఒకరోజు ఏజెంట్ బండి వెనక కూర్చుని తిరుగుతాను. రిగ్రెషన్ కేసులు, అంటే మార్పు చేశాక పాతవి చెడిపోలేదని చూసే టెస్టులు, 640 నుంచి 400కి దిగాయి, అందులో చాలావరకు లైవ్‌లో దొరికినవాటి నుంచి వచ్చినవే.

మీ లీడ్‌కి ఒప్పుకునే ముందు కొన్ని అడగండి. మొదట ఏ కస్టమర్లకి వెళ్తుంది, తేడా వచ్చిందని ఎన్ని నిమిషాల్లో తెలుస్తుంది, ఆపడానికి ఒక్క బటన్ ఉందా లేక కోడ్‌ని మళ్లీ లైవ్‌కి ఎక్కించాలా (డిప్లాయ్ చేయాలా). రాత్రి పూట ఆ బటన్ నొక్కే అధికారం ఎవరికుందో పేరు, ఫోన్ నంబరు రాసి ఇమ్మనండి. ఆ ఎస్ఎంఎస్‌ల రోజు మా షీట్‌లో ఆ గడి ఖాళీగా ఉంది. మొదటి 600 వెళ్లేసరికే నాకు తప్పు తెలిసింది, ఆపే పర్మిషన్ ఉన్నాయన పెళ్లిలో ఉన్నాడు, ఫోన్ ఎత్తేసరికి మిగతా 3,600 కూడా వెళ్లిపోయాయి.