సందేహాలు – సమాధానాలు: పంపిణీయా, వితరణా, వ్యాప్తా?

సందేహం: ఒక విద్యార్థి తన వ్యాసానికి ‘లోతు సముద్రపు సముద్రదోసకాయల వర్గీకరణ, పంపిణీ’ అని పేరు పెట్టాడు. ‘పంపిణీ’ బదులు ‘వితరణ’ అనాలని మరొకరు అంటున్నారు. ఏది సరి? ‘సముద్రం’ రెండుసార్లు రావడం దోషమా?

సమాధానం: ‘సముద్రదోసకాయ’ మొత్తంగా ఒక ప్రాణి పేరు కాబట్టి దానిలోని సముద్రాన్ని పునరుక్తిగా లెక్కించనక్కరలేదు, అయినా చెవికి ఇంపుగా లేదు కనుక ‘అగాధజలాల్లోని సముద్రదోసకాయలు’ అనడం మేలు. ఇక్కడ ‘లోని’ని వదలకూడదని నా అభిప్రాయం. ‘అగాధ సముద్రదోసకాయలు’ అంటే అదొక ప్రత్యేకమైన తెగ పేరులా వినిపిస్తుంది, కానీ లోతు అనేది నివాసాన్ని చెబుతుందే తప్ప వంశాన్ని చెప్పదు. బురదపై గొట్టంకాళ్లతో నడిచే స్కోటోప్లేన్స్ వంటి సముద్రదోసకాయలు చేరిన ఎలసిపోడిడా అనే సమూహం దాదాపు పూర్తిగా లోతునీటిదే అయినా, సినల్లాక్టిడా, మోల్పాడిడా వంటి ఇతర సమూహాలలోనూ లోతున బతికేవి ఉన్నాయి.

ఈ సమూహాలను ‘వర్గాలు’ అనడం కూడా పొరపాటే. ‘వర్గీకరణ’ అనే మాటలోనే వర్గం ఉంది కదా అని ప్రతి మెట్టుకూ ఆ పేరు పెడితే చదువరి దారి తప్పుతాడు. పైమెట్టు నుంచి కిందికి చూస్తే ఇఖైనోడర్మేటా వర్గం, అందులో సముద్రదోసకాయలన్నీ చేరిన హోలోథురాయిడియా తరగతి, దానిలో ఎలసిపోడిడా క్రమం. జన్యు ఆధారాలతో 2017లో వెలువడిన వర్గీకరణ ఈ తరగతిని ఏడు క్రమాలుగా విభజించింది. పాత పుస్తకాల్లోని ఆస్పిడోకైరోటిడా సభ్యులన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావని తేలడంతో ఆ క్రమాన్ని విడగొట్టారు. కాబట్టి పాత పుస్తకం నుంచి క్రమం పేరు తీసుకునేటప్పుడు అది ఇంకా చెల్లుతోందో లేదో చూసుకోవాలి.

ఇక ‘పంపిణీ’. పంచేవాడు ఒకడుంటేనే పంపిణీ. ఈ ప్రాణులను సముద్రంలో ఎవరూ పంచిపెట్టలేదు. ‘వితరణ’ హిందీలో పంపిణీ అర్థంలో వాడుకలో ఉన్నా, తెలుగులో వితరణశీలి అంటే దాత. కనుక ప్రాణులు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పడానికి ‘వ్యాప్తి’ సరైన మాట. ‘విస్తరణ’ దీనికి దగ్గరిదే గాని, కొత్త తావులకు పాకడాన్ని అది సూచిస్తుంది. డెన్మార్క్ పరిశోధక నౌక గలాథియా 1951లో ఫిలిప్పీన్స్ కందకంలో పదివేల మీటర్లకు మించిన లోతు నుంచి సముద్రదోసకాయలను పైకి తీసింది. దీన్ని బట్టి ‘అవి అంత లోతు వరకు వ్యాపించి ఉన్నాయి’ అని రాయవచ్చు; ‘అంత లోతుకు విస్తరించాయి’ అని రాస్తే మాత్రం అవి పైనుంచి కిందికి దిగాయని చెప్పినట్లవుతుంది, దానికి వేరే ఆధారం చూపాలి.