విశాఖ నుంచి కళింగపట్నానికి, తీరికగా

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. సంక్రాంతి తరువాత నా భార్యతో కలిసి సొంత కారులో విశాఖపట్నం నుంచి కళింగపట్నం వరకు సముద్రపు ఒడ్డు వెంటే వెళ్లాలని ఉంది. దారి పొడవునా సముద్రం కనిపిస్తుందా? రెండు రోజులు చాలునా? దారిలో సముద్ర స్నానం చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కనిపించదు. సముద్రాన్ని ఆనుకొని సాగే రోడ్డు విశాఖ నుంచి భీమునిపట్నం (భీమిలి) వరకే, అంటే సుమారు 30 కిలోమీటర్లే. ఆపైన గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార ఒకదాని తరువాత ఒకటి సముద్రంలో కలుస్తాయి. నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఈ మొగల వద్ద ఇసుక మేటలు కుదురుగా ఉండవు కనుక, నదిని దాటడానికి చాలాచోట్ల ఊళ్ల మీదుగా లోపలికి రావలసిందే. అందుచేత ఒడ్డునే వెళ్లాలన్న పట్టుదల మాని, జాతీయ రహదారి మీద సాగుతూ, నచ్చిన చోట సముద్రం వైపు మళ్లడం మేలు.

ఇలా అయితే రెండు రోజులు చాలు. మొదటి రోజంతా ఆ 30 కిలోమీటర్లకే ఇవ్వండి. గంటలో ముగిసే దూరానికి ఒక రోజా అని మీకు అనిపించవచ్చు గాని, ఆ దారిలో చాలామంది చేసే పొరపాటు గంటలో ముగించడమే. తెల్లవారుజామునే బయలుదేరితే సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూడవచ్చు. ఎండ ముదరకముందే తొట్లకొండ ఎక్కండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన ఈ ఆరామం, 1976లో నౌకాదళ స్థావరం కోసం విమానం నుంచి సర్వే చేస్తుండగా బయటపడింది. పైనుంచి సముద్రాన్ని చూస్తే, వానాకాలం గడపడానికి వాళ్లు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో నాకైతే వేరే కారణం అక్కరలేదనిపిస్తుంది.

భీమిలి చేరకముందే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. పేరులో మట్టి ఉన్నా, అది వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక. రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల ఎరుపెక్కింది. వాన నీరు కోసిన లోయల అంచులు ఇట్టే విరిగిపోతాయి కాబట్టి అంచుల మీదికి ఎక్కకండి. భీమిలిలో డచ్చివారి సమాధుల తోట, దీపస్తంభం, గోస్తని మొగ చూసి రాత్రికి అక్కడే బస చేయవచ్చు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు అది. ఇప్పటికీ తొందర లేని ఊరే.

రెండో రోజు తగరపువలస వద్ద జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం చేరి, అక్కడి నుంచి గార వైపు మళ్లండి. వంశధార దక్షిణ ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. అక్కడికి దగ్గరలోనే ఒకనాటి ఓడరేవు కళింగపట్నం ఉంది. నది సముద్రంలో కలిసే చోటు అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

స్నానం సంగతి: మన తీరంలో పైకి ప్రశాంతంగా కనిపించే చోట కూడా కెరటం వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి. మోకాలి లోతు దాటకండి. మొగల దగ్గర అసలే దిగవద్దు. మీరు ఎంచుకున్న కాలం మాత్రం మంచిదే. తుపానుల భయం అప్పటికి తగ్గుతుంది, ఎండలు ఇంకా రావు.

ఇంకొక్క మాట. భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు, అంటే స్టీరింగు పట్టిన మీ వైపే ఉంటుంది. మీ శ్రీమతి వైపు కొండలే మిగులుతాయి. తిరుగు ప్రయాణంలో నేరుగా రహదారి మీద విశాఖ వచ్చేయకుండా, తగరపువలస నుంచి మళ్లీ భీమిలి మీదుగానే రండి. అప్పుడు సముద్రం ఆవిడ వైపు ఉంటుంది.