అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల్లో, అంటే గుర్తుపట్టే ఆకారాలేవీ లేని బొమ్మల్లో, ఆధ్యాత్మికత గురించి నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివా. భాష బావుంది, ఆవేశం ఉంది, కానీ మొదటి పేజీలోనే ఆత్మ, అనంతం, శూన్యం, బ్రహ్మం అన్నీ వచ్చేశాయి, బొమ్మ మాత్రం సరిగ్గా కనపడలేదు. అదెంత పెద్దదో, రంగు పల్చగా పూశారో మందంగా పూశారో తెలీకుండా నువ్వు మోక్షం దాకా రమ్మంటే నేనెలా వస్తాను చెప్పు.

అబ్‌స్ట్రాక్ట్‌లో ఆధ్యాత్మికత ఉందా అంటే కచ్చితంగా ఉంది, మనం తర్వాత అంటగట్టింది కాదు, మొదలుపెట్టినవాళ్లలో చాలామంది దాన్ని వెతుక్కుంటూనే ఇటొచ్చారు. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ 1909లో, అన్ని మతాల వెనకా ఒకే సత్యం ఉందనే థియోసాఫికల్ సొసైటీలో చేరాడు. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ అయితే 1911లో కళలో ఆధ్యాత్మికత మీద ఏకంగా పుస్తకమే వేశాడు. ఇంకో రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్ 1915లో తన నల్ల చతురస్రం బొమ్మని ప్రదర్శన గది మూలన పైన, రష్యన్ ఇళ్లల్లో దేవుడి పటం ఉండే చోట తగిలించాడు. వీళ్లందరికంటే ముందే స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ 1906లో గుడి కోసమని బొమ్మలు మొదలుపెట్టి 1915కల్లా 193 వేసింది, తను పోయాక 20 ఏళ్ల దాకా ఎవరికీ చూపించొద్దని కూడా చెప్పింది. నన్నడిగితే ఆ బొమ్మల్లో ఏ గుర్తుకి ఏ అర్థమో తవ్వడం కంటే, మెచ్చుకునేవాళ్లని చూసుకోకుండా అంత పని చేసిందన్న దగ్గర నువ్వు ఎక్కువసేపు ఆగాలి.

ఇక అసలు సంగతి. చెట్టో మనిషో ఉన్న బొమ్మని చూడగానే మనసు దానికో పేరు పెట్టేసి పక్కకి వెళ్లిపోతుంది. ఇక్కడ పేరు పెట్టడానికి ఏమీ దొరకదు కాబట్టి చూడక తప్పదు, నాకు తెలిసి దీని ప్రయోజనమంతా ఇందులోనే ఉంది. చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ గీతల కాన్వాసులు చూడు, దూరం నుంచి ఉత్త బూడిదరంగే, దగ్గరికెళ్తే పెన్సిల్ గీత బట్ట నేత మీద తగులుతూ ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా, చెయ్యి ఎక్కడ వణికిందో కూడా తెలిసేట్టు ఉంటుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1971లో తెరిచిన రోత్‌కో చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో చిత్రకారుడు రోత్‌కో వేసిన 14 కాన్వాసులున్నాయి, ముందు అన్నీ నల్లగానే ఉంటాయి, కళ్లు అలవాటుపడేకొద్దీ అందులోంచి ఊదా, ముదురు ఎరుపు పైకొస్తాయి. బొమ్మ మారలేదు కదా, చూసేవాడే నెమ్మదించాడు. నువ్వు రాయాల్సింది ఆ నెమ్మదించడం గురించి, ముందేం కనిపించింది, తర్వాతేం కనిపించింది, మధ్యలో ఎక్కడ విసుగొచ్చింది, అన్నీ. విసుగుని దాచకు, నీ పాఠకుడికీ అదే వస్తుంది, నువ్వు దాస్తే మిగతాది కూడా నమ్మడు.

ఏమీ అనిపించకపోతే అనిపించలేదనే రాయి, పరవాలేదు. మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా బొమ్మల్లో కనిపించే బిందువు, ఆ పెద్ద చుక్క, దగ్గర కూడా ఇంతే, వెంటనే ఉపనిషత్తులు తీయకు, చిన్నప్పుడు దృష్టి నిలవని ఆయనకి స్కూల్ మాస్టారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట, ముందు అక్కడి నుంచి రా.

నీ మూడో పేరాలో ఎర్ర కాన్వాస్ కింది అంచున రంగు కారి ఎండిపోయిందని రాశావే, ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. వ్యాసం దాంతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు, చదువుతా.