మట్టిలోని కర్బనాన్ని ఫోను కొలుస్తుందా?

ప్రశ్న: అయ్యా, మాది పాకాల దగ్గర పల్లె. రెండెకరాల తోతాపురి తోపు, రెండెకరాల్లో వానాధారంగా చెనిక్కాయ. కొన్నేళ్లుగా ఘనజీవామృతం, నవధాన్యాలు వేస్తున్నాం. మొన్న ఒక కంపెనీ అబ్బాయి ఫోను పట్టుకుని గెనిమల వెంట నడిచి మ్యాపు గీసుకున్నాడు. ఉపగ్రహం మీ మట్టిలో చేరిన కర్బనాన్ని కొలుస్తుంది, దానికి డబ్బులొస్తాయి, సంతకం పెట్టండి అంటున్నాడు. పెట్టొచ్చా?
- ఒక మహిళా రైతు

జవాబు: ఇప్పుడే పెట్టొద్దమ్మా. ముందు మీ మట్టి లెక్క మీ చేతిలో ఉండాలి. మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఉపగ్రహం నేల లోపలికి చూడలేదు. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 పది మీటర్ల చదరాన్ని ఒక చుక్కగా చూస్తుంది. మీ చేను ఎప్పుడు పచ్చబడిందో, ఎన్నాళ్లు బీడుగా ఉందో బాగానే చెబుతుంది. కర్బనం అంచనా వేయాలంటే మాత్రం నేల ఖాళీగా కనపడాలి. అప్పుడైనా తెలిసేది పైపొర సంగతే. మామిడి చెట్ల కింద నేల దానికి అసలు కనపడదు.

అందుకే కంపెనీలు ఉపగ్రహానికి తోడు కంప్యూటర్ మోడల్ వాడతాయి. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో పుట్టిన రోత్‌సీ అలాంటిదే. వాన, ఎండ, బంకమట్టి శాతం, పొలంలో మిగిలే పంట వ్యర్థం చెబితే అది కర్బనం లెక్కగడుతుంది. నాకు భయమంతా ఆ చివరి అంకె దగ్గరే. మన దగ్గర చెనిక్కాయ చెట్టును వేళ్లతో సహా పీకేస్తాం, కట్టెను పశువులకు వేస్తాం. చేలో మిగిలేది రాలిన ఆకు, తెగిన వేళ్లు. ఆ అబ్బాయి యాప్‌లో ‘వ్యర్థాలు పొలంలోనే వదిలారు’ అని నొక్కి ఉంటే లేని కర్బనం లెక్కలోకి వచ్చేస్తుంది. అతను ఏమేం నింపాడో మీ ముందర తెరిచి చూపించమనండి.

అసలు కొలత చేత్తోనే జరగాలి. సాయిల్ హెల్త్ కార్డులోని సేంద్రియ కర్బనం శాతం దీనికి చాలదు. అది సాధారణంగా 15 సెంటీమీటర్ల లోతు మట్టిది, కర్బనం లెక్కకు 30 కావాలి. పైగా 2015లో పథకం మొదలైనప్పటి నియమం ప్రకారం వానాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా. మీ కార్డులోని మట్టి పక్కవాళ్ల చేలోది కూడా కావచ్చు.

శాతంతో పాటు మట్టి సాంద్రత కూడా తెలియాలి. కొలత తెలిసిన ఇనుప రింగును నేలలోకి దించి, లోపలి మట్టిని 105 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూకం వేస్తారు. మన ఎర్రనేలల్లో గులకరాళ్లు ఎక్కువ. ల్యాబులో 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన మట్టినే పరీక్షిస్తారు. జల్లెడలో మిగిలిన రాళ్ల బరువు తీసేయకపోతే, నూటికి ఇరవై పాళ్లు రాయి ఉన్న చేలో కర్బనం దాదాపు పావు వంతు ఎక్కువగా పడుతుంది. దుక్కి దున్నిన వెంటనే తీస్తే నేల గుల్లగా ఉండి తక్కువ పడుతుంది. ఏటా ఒకే కాలంలో, కోత అయ్యాక దున్నకముందే తీయండి. తోపు మట్టి, చేను మట్టి కలపొద్దు. తోపులో చెట్టు నీడ మట్టిని, సాళ్ల మధ్య మట్టిని కూడా వేరుగా పెట్టండి.

ఫోను నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మట్టి తీసిన చోటును జీపీఎస్‌లో గుర్తుపెట్టి, పక్కనున్న చెట్టో బండరాయో కనపడేలా ఫొటో తీసుకోండి. చెట్ల కింద జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపుతుంది, ఫొటో ఉంటే అదే చోటికి మళ్లీ వెళ్లొచ్చు.

ల్యాబు కూడా మారకూడదు. మామూలుగా రసాయనాలతో చేసే వాక్లీ-బ్లాక్ పద్ధతికి మొత్తం కర్బనం దొరకదు, అందుకే వచ్చిన అంకెను సుమారు 1.3తో హెచ్చిస్తారు. మట్టిని కాల్చి కొలిచే యంత్రానికి మొత్తం దొరుకుతుంది. ఇప్పుడు హెచ్చించని అంకె రాసుకుని, తర్వాత యంత్రంలో చేయిస్తే మట్టి మారకుండానే కర్బనం పెరిగినట్టు కనపడుతుంది. ఏ పద్ధతిలో చేశారో రిపోర్టు మీద రాయించుకోండి. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి సలహా అడగండి.

ఇక డబ్బు సంగతి. మట్టిలో చేరిన కర్బనాన్ని కార్బన్ డయాక్సైడ్ టన్నుల్లోకి మార్చి, ఆ లెక్కన క్రెడిట్లు ఇస్తారు. కంపెనీ అమ్మేది వాటినే. ఘనపు సెంటీమీటరుకు గ్రామున్నర సాంద్రత ఉంటే, ఎకరాలో 30 సెంటీమీటర్ల లోతు వరకు సుమారు 1,800 టన్నుల మట్టి. కర్బనం 0.4 శాతం నుంచి 0.5కి పెరిగితే 1.8 టన్నులు చేరినట్టు. దాన్ని 3.67తో హెచ్చిస్తే 6.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ 0.1 శాతం మన ఎండల్లో ఒక్క ఏడాదిలో వచ్చేది కాదు. చెరువు మట్టి తోలి పెంచితే నేలకు మేలే కానీ క్రెడిట్ లెక్కకు రాదు, ఆ కర్బనం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వచ్చిందంతే.

ఒప్పందం తెలుగులో అడగండి. ఎన్నేళ్లు కట్టుబడాలి, పరీక్షల ఖర్చు ఎవరిది, అమ్మిన ధరలో మీకు ఎంత, మధ్యలో తోపు కొట్టేస్తే ఏమవుతుంది, రిపోర్టుల కాపీ ఇస్తారా అన్నవి కాగితం మీద ఉండాలి. మీరు ఇప్పటికే చేస్తున్న సేద్యానికి క్రెడిట్ ఇస్తారా అన్నది తప్పకుండా అడగండి. చాలా పద్ధతుల్లో కొత్తగా చేసిన మార్పుకే లెక్క కడతారు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మట్టిలో గుచ్చే మూడు పుల్లల మీటరు అమ్ముతున్నారు. దానితో కర్బనం తెలుస్తుందా?
- డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: తెలియదు బాబూ. అలాంటివి ఎక్కువగా మట్టిలో కరెంటు ఎంత పారుతుందో చూస్తాయి. తేమ, ఉప్పు మారితే అంకె మారుతుంది. కాంతితో కర్బనాన్ని అంచనా వేసే చేతి పరికరాలు వేరే ఉన్నాయి. వాటికి ముందుగా మన ప్రాంతపు మట్టి నమూనాల ల్యాబు ఫలితాలు నేర్పాలి. వేరే చోటి నల్లరేగడితో నేర్పిన పరికరం చిత్తూరు ఎర్రమట్టి మీద సరిగ్గా చెప్పదు. కొనేముందు ఏ మట్టితో నేర్పారో అడుగు.